సున్నపురాయి – శాసనము



మన వినుకొండ కొండరాయి వేరు. ఉత్తరముగా పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల సీమలలో పొరలు పొరలుగా దొరకు రాయి వేరు. రెండవది సున్నపురాయి. పలకలుగా తీసి పరచినచో అది నాపరాతి నేల, బట్టీలో కాల్చినచో సున్నము. నూరుపాళ్ళ స్వచ్ఛమైన రాయి కాలగా మిగులునది 56 పాళ్ళు. తక్కినది వాయువై పోవును. ఆ సున్నమును నీటితో విరిచి, ఇసుకతో గానుగలో నూరి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి పూర్వులు గోడలకు గచ్చు చేసిరి. పోయిన వాయువునే గాలినుండి మరల గ్రహించి ఆ గచ్చు క్రమముగా రాయి యగును.

ఈ గుణమే ఆ రాతికి గండము. చెక్కిన రాయియైనను చెక్కని రాయియైనను బట్టీకి ఒక్కటే.

18వ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిలో పట్టణము కట్టించునపుడు దీపాలదిన్నె నుండి రాళ్ళు తీసిరి. ఆ దిన్నెయే మహాచైత్యము. 1816లో మెకంజీ దొర రెండవమారు వచ్చునప్పటికే పలకలనేకము మెట్లకును గోడలకును పోయినవి. కాలి సున్నమైనవియు కలవు. నాయుడుగారు అమరేశ్వరుని పరమభక్తులు. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. ఆ లిపి చదువగలవారే అప్పుడు లేరు. ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని ఛేదించినది 1837లో కదా!

బౌద్ధుల రాళ్ళతో మనకేమి పని యని కొందరడుగుదురు. 1926లో బయల్పడిన నాగార్జునకొండను చూడుడు. అచటి మహాచైత్యపు సున్నపురాతి స్తంభములపై ఇక్ష్వాకురాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అగ్నిహోత్రము, అగ్నిష్టోమము, వాజపేయము, అశ్వమేధము చేసినవాడని ప్రాకృతములో చెక్కబడియున్నది. స్తంభములు నిలిపినది అతని సోదరి చాంతిశ్రీ. అన్న యజ్వ, చెల్లెలో అక్కయో చైత్యదాత! 3వ శతాబ్దమున కృష్ణాతీరమేలిన రాజు అశ్వమేధయాజి యని వేదాధ్యాయులమైన మేము నేడు నిస్సంశయముగా చెప్పుచున్నామనిన, ఆ బౌద్ధస్తంభములు బట్టీపాలు కాకపోవుట వలననే.

ఇప్పుడు జీర్ణోద్ధరణ పేర పాత నాపరాళ్ళు పెకలించి గ్రానైటు పరచుచున్నారు. కొన్నిచోట్ల అది అవసరమే కావచ్చును. కాని ప్రతి రాయిని తిరగవేసి, మంచినీటితో కడిగి, ఏటవాలుగా దీపము పట్టి చూడుడు. ఒక్క అక్షరము కనబడినను పురావస్తుశాఖకు వార్త పంపి, వారు అచ్చు తీసికొనువరకు దానిని కదల్పకుడు. జిడ్డు పోవుటకని ఆసిడు పోయుట అసలే కూడదు. ఆమ్లము తగిలిన సున్నపురాయి నురగలు కక్కి కరగును. లోతు తక్కువైన అక్షరములు ముందుగా పోవును.