పుస్తకంలో ఉన్న బాకీ

మా తాత బాకీ ఎంతో మా తాతకు తెలియదు. పటేల్ పుస్తకానికి తెలుసు. శామీర్‌పేట చుట్టుపక్కల మాదిగ వాడల్లో అప్పు చరిత్ర రాయాలంటే పైసలు ఎవరు తీసుకున్నారన్న దగ్గర మొదలుపెడితే కుదరదు. లెక్క ఎవరి చేతిలో ఉండెనో అక్కడ మొదలుపెట్టాలి.

నిజాం కాలంలో మేడ్చల్ తాలూకా అత్రాఫ్ బల్దా జిల్లా కింద ఉండేది. అది సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఆదాయపు ఇలాకా. 1949లో దాన్ని దివానీలో కలిపారు. పెండ్లికో చావుకో కరువుకో పటేల్ దగ్గర నాలుగు రూపాయలో నాలుగు గింజలో తెచ్చుకున్నవాడు అది తీరేదాకా ఆ ఇంట్లో చాకిరీ చెయ్యాలి. సర్కారు కాగితాల్లో దాని పేరు భగేలా. మావాళ్లకు ఆ మాట తెలియదు. "జీతమున్నడు" అనేవాళ్లు. పేరుకే జీతం. ఇచ్చే గింజలు కడుపుకే చాలవు. అసలు అట్లనే ఉంటుంది, వడ్డీ పెరుగుతుంది. తండ్రి పోతే కొడుకు వస్తాడు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద ఒక నిబంధన తెచ్చింది. ఒప్పందం రాతలో ఉండాలన్నది. రాసేవాడూ చదివేవాడూ పటేల్, పట్వారీలే అయినప్పుడు ఆ రాత ఎవరి పక్కన నిలబడుతుంది?

మా తాత 1970లో చనిపోయాడు. దినాలు కాకముందే పటేల్ మనిషి వచ్చి "నీ పెనిమిటి బాకీ నూటిరవై ఉన్నది" అన్నాడు. మా నాయినకు అప్పుడు ఎనిమిదేండ్లు. బర్ల కాడ జీతం పెట్టారు. నేను డిగ్రీ చదివేటప్పుడు, తాత ఆ పైసలు దేనికి తెచ్చిండని నాయినమ్మను అడిగాను. "తెచ్చిండో లేదో నాకు తెల్వది బిడ్డా. పుస్తకంల ఉన్నదన్నరు. పుస్తకంల ఉంటే ఉన్నట్టే గద" అన్నది.

1975 అక్టోబర్‌లో ఆర్డినెన్స్, 1976 ఫిబ్రవరిలో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాయి. వెట్టి బాకీలు ఇక కట్టక్కర్లేదని ఆ చట్టం ఆరో సెక్షన్ చెప్పింది. పదిహేనో సెక్షన్ గురించి మన సభల్లో తక్కువ మాట్లాడుకుంటాం. ఇది వెట్టి బాకీ అని కూలిమనిషి అంటే, కాదని రుజువు చెయ్యాల్సింది అప్పిచ్చానన్నవాడే. 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. బలవంతపు చాకిరీ కనబడితే దాని వెనుక బాకీ ఉన్నట్టే అనుకోవాలి, కాదంటే యజమానే చూపాలి అన్నది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి ఆ చట్టాన్ని అమలు చేయించడానికి పట్టుబట్టాడు. మా ఊరిదాకా అది రాలేదు. మా నాయిన 1978లో ఒక రాత్రి మేడ్చల్ పారిపోయి రైసుమిల్లులో హమాలీ అయ్యాడు. ఆయన్ని విడిపించింది ఆయన కాళ్లే.

తరువాత మా ఊరి పొలాలు ప్లాట్లయినయి. ఒకపక్క జీనోమ్ వ్యాలీ, ఒకపక్క ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాయి. అప్పులు పోలేదు, అడిగేవాళ్లు మారారు. మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటుంటే 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వాయిదాలు ఇండ్ల ముందు కాదు, పంచాయతీ ఆఫీసులాంటి చోట కట్టించుకోవాలన్నది. 2020లో ఫోన్ అప్పుల యాప్‌లు వచ్చి బంధువుల నంబర్లకు బూతులు పంపాయి. హైదరాబాద్ చుట్టూ చావులు, అరెస్టులు చూశాం.

2023లో నాకూ ఫోన్ వచ్చింది. ఒక వసూళ్ల ఏజెన్సీ. 38,400 రూపాయలు బాకీ అన్నారు. ఆ కంపెనీ పేరే నేను వినలేదు. "సర్కారు టీచరువై ఉండి ఎగ్గొడతవా, సిగ్గు లేదా?" మూడోరోజు మా హెడ్మాస్టరుకు చేశారు, తర్వాత తోటి టీచర్లకు. "కోటాల నౌకరొచ్చినా అలవాట్లు పోవు" అన్న మాట స్టాఫ్‌రూం తలుపు దాటి నా చెవిన పడింది. నా బాకీ కాదది, మా వాడ బాకీ అయింది.

మా నాయిన భయపడ్డాడు. "కట్టేయ్ బిడ్డా. నౌకరి మీదికి తెస్తరు" అన్నాడు.

"నువ్వు ఎనిమిదేండ్లు కట్టినవ్ గద నాయినా. రసీదు ఇచ్చిన్రా?"

ఆయన ఏమీ అనలేదు.

నాది వెట్టి బాకీ కాదు, పదిహేనో సెక్షన్ నాకు వర్తించదు. కానీ అడగాల్సింది అదే. అప్పిచ్చిన కంపెనీకీ ఏజెన్సీకీ రిజిస్టర్డ్ పోస్టులో రాశాను: ఏ తేదీన ఇచ్చారు, ఏ ఖాతాలో వేశారు, ఒప్పందం ఏది, సంతకం ఏది? పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చెయ్యొద్దని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పిన సంగతీ రాశాను. ఠాణాలో దరఖాస్తు ఇచ్చాను. నా అప్పుల చిట్టా ఉంచే క్రెడిట్ బ్యూరోకు అభ్యంతరం పంపాను. 30 రోజుల్లో తేల్చాలని నిబంధన. తేల్చకుంటే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి గాని రాలేదు.

కంపెనీ పలకలేదు. 30 రోజులు దాటగానే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాశాను. అప్పుడు కాగితం కదిలింది. పేరు నాది, పాన్ నంబరు నాది. ఫోన్ నాది కాదు, చిరునామా నాది కాదు, పైసలు పడ్డ ఖాతా నాది కాదు. సంతకం ఇంగ్లీషులో ఉంది. నేను నౌకరిలో చేరిననాటి నుంచి తెలుగులోనే పెడతాను. మా ఇంట్లో వేలిముద్ర కాని మొదటి సంతకం అది. దాన్ని నేను మరిచిపోతానా?

మూడు నెలలకు నా చిట్టాలోంచి ఆ బాకీ తీసేశారు. తప్పయిందని ఎవరూ అనలేదు. హెడ్మాస్టరుకు మళ్లీ ఫోన్ చేసి ఈయన బాకీ లేడని చెప్పినవాడు లేడు. ఆ కాగితం జిరాక్సు తీసి స్టాఫ్‌రూం టేబుల్ మీద నేనే పెట్టాను.

నేను చదువుకున్నాను, నెల జీతం ఉంది కాబట్టి మూడు నెలలు నిలబడ్డాను. మా వాడలో ఒక చిన్నమ్మ తనది కాని అప్పుకు రెండు కిస్తులు కట్టింది, గల్లీలో అరుస్తరని. మూడో కిస్తుకు వచ్చినవాణ్ని మా నాయిన గడప దగ్గర ఆపి "కాగితం సూపియ్యి" అన్నాడట. ఆ కాగితం ఆయన చదవలేడు. వాడు మళ్లీ రాలేదని చిన్నమ్మ చెప్పింది.

ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ చెప్పేటప్పుడు అసలు, కాలం, వడ్డీరేటు ఇచ్చి మొత్తం ఎంత అని అడుగుతాం. ఈ మధ్య నేను ఇంకో ప్రశ్న కలుపుతున్నాను: ఆ అసలు తీసుకున్నట్టు రుజువేది? మొదటిసారి పిల్లలు నవ్వారు. జీతగాళ్ల మనుమలు ఇద్దరు మాత్రం నవ్వకుండా నోటుబుక్కులో రాసుకున్నారు.