ఉప్పల్‌లో దిగి ఏ పాస్ తీసుకోవాలి? ఈ ప్రశ్న వెనక ఉన్న మన చరిత్ర

పోస్ట్ కొంచెం పెద్దగా ఉంటది, ఓపికగా చదవండి.

కౌన్సెలింగ్ అనో, పరీక్ష అనో, సర్టిఫికెట్ వెరిఫికేషన్ అనో ఊళ్ల నుంచి పిల్లలు హైదరాబాద్ వస్తున్నరు. అందరూ మమ్మల్ని అడిగేది ఒక్కటే: "అన్నా, రెండు రోజులు ఉంటం, ఏ పాస్ తీసుకోవాలె?" ఒక్క ముక్కలో జవాబు చెప్పి వదిలేయొచ్చు. కానీ మేము హాస్టల్‌లో ఒక రాత్రి దీని గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటే, పాస్ అనే మాటకు మన జాతుల చరిత్రలో ఎంత కథ ఉందో అప్పుడు తెలిసింది. అందుకే రెండూ కలిపి రాస్తున్నం.

ముందు మా కథ. 2023 జులైలో మేము నలుగురం హన్మకొండ బస్సులో తెల్లారకముందే ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగినం. మా ఇళ్లల్లో కాలేజీకి వచ్చిన మొదటి తరం మేమే. మా నాన్నలకు ఉప్పల్ తెలుసు, కానీ వాళ్లకు తెలిసింది మేస్త్రీ పని దొరికే అడ్డా. ఏ బస్సు ఎక్కాలో, ఏ టికెట్ తీసుకోవాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. అప్పటికి ఉప్పల్ స్కైవాక్ తెరిచి నెల కూడా కాలేదు. దాని మీద నిలబడి కింద బస్సులు, పక్కన మెట్రో చూస్తూ అరగంట గడిపినం. నలుగురి దగ్గర కలిపి ఆ రోజు ఖర్చుకు 600 రూపాయలు.

ఎవరో చెప్తే తలా ఒక టీ-24 టికెట్ తీసుకున్నం. ఒక్కటి 90, నలుగురికి 360. ఇక రోజంతా ఏ బస్సైనా ఎక్కొచ్చు అనుకున్నం. చల్లగా ఉంటదని ఏసీ బస్సు ఎక్కితే, ఆ టికెట్ ఇందులో చెల్లదన్నరు. తప్పు మాదే, చదవకుండా ఎక్కినం. దిగిపోయినం. తీరా చూస్తే ఆ రోజు మేము ఎక్కింది రెండే బస్సులు. విడిగా టికెట్లు కొంటే తలా 50 అయ్యేది, నలుగురికి 200. అంటే 160 రూపాయలు ఊరికే పోయినయ్. ఆ 160 లేకనే సాయంత్రం హబ్సిగూడ నుంచి నాచారంలో ఉన్న సీనియర్ అన్న రూమ్ దాకా బ్యాగులు మోసుకుంటూ నడిచినం. రాత్రికి తినడానికి ఆయనే పెట్టిండు.

ఈ సంగతి చెప్పుకుని నవ్వుతుంటే మాలో ఒక లంబాడీ మిత్రుడు వాళ్ల తాత చెప్పిన రాగి రేకు కథ ఎత్తుకున్నడు.

ఈ కథ బంజారా పెద్దల నోట చాలామంది వినే ఉంటరు. 1630 ప్రాంతంలో షాజహాన్ వజీరు ఆసఫ్ ఖాన్ దక్కన్ మీదికి దండెత్తి వచ్చినప్పుడు ఆ సైన్యానికి ధాన్యం మోసింది భంగీ, జంగీ అనే నాయకుల ఎడ్ల బిడారులు. అందుకు బదులుగా వాళ్లకు బంగారు అక్షరాలతో రాసిన ఒక రాగి శాసనం ఇచ్చిండ్రట. దారిలో కుండలో నీళ్లు తీసుకోవచ్చు, ఇంటి కప్పు మీది గడ్డి ఎడ్లకు వేసుకోవచ్చు, ఎవరూ ఆపొద్దు అని దాని సారం. రస్సెల్, హీరాలాల్ 1916లో అచ్చువేసిన మధ్య పరగణాల తెగల పుస్తకంలో కూడా ఈ కథ ఉంది. ఆ రేకు మీద ఏ మాట ఎంత నిజమన్నది పక్కన పెట్టినా, బంజారాలు వేల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం దేశమంతా తిప్పిండ్రన్నది మాత్రం చరిత్ర. అంటే ఈ దేశానికి రవాణా సంస్థ లేని కాలంలో రవాణా సంస్థ మన తండాలే. ఆ రాగి రేకును మొట్టమొదటి పాస్ అనుకుంటే, అది దారిని తెరిచిన పాస్.

తర్వాత రైలు వచ్చింది. నిజాం రాజ్యంలో సికింద్రాబాద్–వాడి లైను 1874లో మొదలైంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వేసిన లైను 1889కల్లా బెజవాడ చేరింది. ఇప్పుడు మనం నాచారం వెనక వైపు చూసే మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్ పట్టాలు ఆ దారివే. ఎద్దు నెల రోజులు నడిచే దూరాన్ని గూడ్సు బండి రెండు మూడు రోజుల్లో దాటేసింది. ఉప్పు మూటలు రైలెక్కినయ్. బిడారు పని పోయింది. కోస్తా నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చే ఎరుకల వాళ్లకూ అదే గతి పట్టింది.

పని పోయినంక కూడా తిరుగుతున్న వాళ్లను ఏం చేయాలి? తెల్లదొరలు దానికి ఒక చట్టం తెచ్చిండ్రు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసే చట్టం. పేరు రిజిస్టర్‌లో ఎక్కాలి, హాజరు వేయించుకోవాలి, ఉన్న ఊరు దాటాలంటే పాస్ కావాలి. పాస్ లేకుండా దొరికితే శిక్ష. 1911లో ఆ చట్టాన్ని మళ్లీ రాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చిండ్రు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి ఎరుకల కుటుంబాలను అందులో ఉంచిండ్రు. స్వతంత్రం వచ్చినా ఈ చట్టం వెంటనే పోలేదు. 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ తేదీని ఇప్పటికీ విముక్తి దినంగా జరుపుకుంటున్నరు.

ఇది చదివినప్పుడు మా రూమ్‌లో ఉండే ఎరుకల మిత్రుడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పిండు. ఫస్టియర్‌లో స్టూడెంట్ బస్ పాస్ వచ్చినంక సంతోషంగా ఇంటికి తీసుకుపోయి వాళ్ల నానమ్మకు చూపించిండట. ఆమె పుట్టిల్లు ఆ సెటిల్‌మెంట్ వైపే. పాస్ అన్న మాట వినగానే ఆమె ముఖం మారిపోయిందట. "ఎన్ని రోజులకు ఇచ్చిండ్రు బిడ్డా? మళ్ల ఎవరికి కనపడాలె?" అని అడిగిందట. చిన్నప్పుడు వాళ్ల నాన్న చుట్టాలింటికి పోవాలన్నా కాగితం రాయించుకునేది ఆమె కళ్లారా చూసింది. మనవడి ఫొటో ఉన్న కార్డు ఆమెకు ఆ కాగితం లాగే కనపడింది. "కాదే నానమ్మా, ఇది చూపిస్తే నన్ను ఎవరూ ఆపరు" అని వీడు చెప్పిండట. ఆమె నమ్మినట్టు లేదు అన్నడు.

ఒక కాగితం దారి తెరిచింది, ఇంకోటి మూసింది. రెండిటి పేరూ పాసే. మన చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలంటే ఈ బస్సు కథ కూడా తెలియాలి.

హైదరాబాద్ రాజ్యంలో సర్కారు బస్సు 1932 జూన్ 15న మొదలైంది. నిజాం రైల్వేలోనే రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ అని ఒక విభాగం పెట్టి, 27 బస్సులు, 166 మంది సిబ్బందితో నడిపిండ్రు. మన ఆర్‌టీసీ బస్సు నంబర్లలో జెడ్ అక్షరం కనపడుతది కదా, అది నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని చెప్తరు. 1951లో ఆ విభాగం రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్‌టీసీ ఏర్పడింది. తెలంగాణ వచ్చినంక టీఎస్‌ఆర్‌టీసీ, 2024లో టీజీఎస్‌ఆర్‌టీసీ అయింది. బోర్డు మారింది కానీ మన ఊరికి వచ్చేది ఆ బస్సే. అది రాని గూడెం నుంచి డిగ్రీ చదవడం ఎంత కష్టమో ఈ గ్రూపులో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

సిటీలో బస్సు పక్కకు తర్వాత వేరే బండ్లు చేరినయ్. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైలు మొదలైంది. 2017 నవంబర్ 28న నాగోల్–మియాపూర్ మెట్రో ప్రారంభమైంది, 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. మొదటి రోజు నుంచే ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ అందులో ఉన్నయ్. 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి మౌలాలి మీదుగా లింగంపల్లి ఎంఎంటీఎస్ వచ్చింది. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచిండ్రు. కాబట్టి కాజీపేట వైపు నుంచి వచ్చే మన పిల్లలు రైల్లో చర్లపల్లిలో దిగినా, బస్సులో ఉప్పల్‌లో దిగినా, నాచారం రెండిటికీ దగ్గరే.

ఇప్పుడు అసలు ప్రశ్న. మూడు సంగతులు చూసుకోండి: ఎన్ని రోజులు ఉంటరు, రోజుకు ఎన్ని బండ్లు ఎక్కుతరు, మీరు ఎవరు.

ముందు "మీరు ఎవరు" సంగతి. అక్కలు, చెల్లెళ్లు తెలంగాణ వాళ్లయితే పాస్ మాటే వద్దు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం ఉంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తరు. ఇక్కడ "మెట్రో ఎక్స్‌ప్రెస్" అంటే బస్సు, మెట్రో రైలు కాదు. మెట్రో రైల్లో ఉచితం లేదు. జీరో టికెట్ అయినా తప్పకుండా తీసుకోవాలి. మా క్లాస్ అక్క ఒకామె కార్డు హాస్టల్‌లో మర్చిపోయి ఒక రోజంతా డబ్బులు పెట్టుకుని తిరిగింది. పాడేరు, రంపచోడవరం వైపు నుంచి వచ్చే చెల్లెళ్లకు ఈ పథకం వర్తించదు. మీకు ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి ఉంది, అది అక్కడి బస్సులకే. ఇక్కడ టికెట్ లెక్క మీకూ మాలాగే.

ఒకటి రెండు రోజులు ఉండే తమ్ముళ్లకు టీ-24. 2023 ఏప్రిల్‌లో 100 నుంచి 90 చేసిండ్రు. ధర మారుతుంటది, అందుకే కండక్టర్‌ను ముందు అడిగి తీసుకోండి. టికెట్ కొట్టిన గంట నుంచి 24 గంటలు పనిచేస్తది. ఉదయం పదింటికి తీసుకుంటే మర్నాడు ఉదయం పదింటి దాకా. ఈ ఒక్క మాట తెలిస్తే రెండో రోజు ఉదయం ప్రయాణం కూడా అందులోనే అయిపోతది. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే చెల్లుతది, ఏసీలో చెల్లదు. లెక్క సులువు: టికెట్ ధరను ఒక్కో ప్రయాణానికి అయ్యే ఖర్చుతో భాగించండి. 90 పెట్టి, ఒక్కోసారి 25 అయితే నాలుగో బస్సు నుంచి లాభం. ఒక ఆఫీసుకు పోయి తిరిగి వచ్చే పనైతే మాలాగ 360 పోసుకోకండి, విడి టికెట్టే మేలు.

నాచారం పోవాలంటే హబ్సిగూడ చౌరస్తా గుర్తు పెట్టుకోండి. ఉప్పల్ నుంచి మెట్రోలో మూడో స్టేషన్ అదే. అక్కడి నుంచి నాచారం, మల్లాపూర్ వైపు బస్సులు ఉంటయ్. 3కే నంబరు అఫ్జల్‌గంజ్ నుంచి తార్నాక, హబ్సిగూడ, నాచారం మీదుగా కుషాయిగూడ పోతది. మెహదీపట్నం వైపు 113ఎం, ఎల్బీనగర్ మీదుగా అయితే 300. మెట్రో టికెట్ 2017లో 10 నుంచి 60 ఉండేది, 2025 మేలో పెంచి, తగ్గింపు ఇచ్చినంక 11 నుంచి 69 అయింది. టైముకు చేరాల్సిన పరీక్ష రోజు మెట్రోకు డబ్బులు పెట్టండి, మిగతా రోజులు బస్సు చాలు. ఇంకో మాట: ఆర్‌టీసీ పాస్ మెట్రోలో చెల్లదు, మెట్రో కార్డు బస్సులో చెల్లదు. ఒకప్పుడు ఎంఎంటీఎస్‌కూ బస్సుకూ కలిపి కాంబి టికెట్ ఉండేది. అన్నిటికీ కలిపి ఒక్క పాస్ విద్యార్థులకు ఇవ్వాలని మనం అడగాలి.

నెల కోచింగ్‌కు వచ్చేవాళ్లు నెల పాస్ చూసుకోవాలి. 2025 జూన్‌లో ఆర్డినరీ పాస్ 1150 నుంచి 1400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1300 నుంచి 1600, డీలక్స్ 1450 నుంచి 1800 చేసిండ్రు. 1600 పెట్టి తీసుకుంటే, ఒక్క ప్రయాణం 30 అనుకున్నా 54 సార్లు ఎక్కితేనే గిట్టుబాటు. నెలలో 26 రోజులు పోను ఒకటి, రాను ఒకటి అంటే 52. అంటే రోజుకు ఒక్కొక్క బస్సే అయితే నష్టం, బస్సు మారాల్సి వస్తే లాభం. కాలేజీలో చేరిన వాళ్లు మాత్రం మొదటి వారంలోనే స్టూడెంట్ పాస్‌కు అప్లై చేయండి. సిగ్గుపడి, అడగడానికి భయపడి మేము రెండు నెలలు ఫుల్ టికెట్ పెట్టి తిరిగినం. ఆ డబ్బులు ఇంట్లో పత్తి ఏరిన కూలి.

అందుకే ఇంత పొడుగు కథ చెప్పినం. మన ముత్తాతలు దేశాన్ని మోసుకుంటూ తిరిగిండ్రు. తర్వాత వాళ్లను కదలొద్దని కాగితం పెట్టి కట్టేసిండ్రు. ఇప్పుడు కౌంటర్ దగ్గర నిలబడి పాస్ అడిగేటప్పుడు మనకు గొంతు పెగలకపోవడానికి అది కూడా ఒక కారణం కావొచ్చు. కౌంటర్‌లో ఉన్నాయన మనకు దయతో ఇచ్చేది కాదు అది. మన పేరు మీద, మన చదువు మీద రావాల్సింది. అడిగి తీసుకోండి.

ఆ మిత్రుడు మొన్న దసరాకు ఊరికి పోయి నానమ్మను హైదరాబాద్ తీసుకొచ్చిండు. ఉప్పల్‌లో బస్సు ఎక్కినంక కండక్టర్ ఆమె ఆధార్ చూసి జీరో టికెట్ ఇచ్చిండు. ఆమె దిగేదాకా దాన్ని పిడికిట్లో పట్టుకునే కూర్చుందట. దిగినంక "దీన్ని ఎవరికి ఇయ్యాలె?" అని అడిగింది. "ఎవరికీ ఇయ్యక్కర్లేదు నానమ్మా, నీదే" అన్నడు. కొంగున కట్టుకుంది.

మీ తాతలు, నానమ్మలు, అమ్మమ్మల దగ్గర ఇట్లాంటి పాత సంగతులు ఉంటే అడిగి ఇక్కడ రాయండి. వాళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలి. ఇక ఉప్పల్‌లో దిగేవాళ్లు ఒక రోజు ముందు మెసేజ్ పెట్టండి. మాలో ఎవరో ఒకరం స్కైవాక్ కింద ఉంటం.