రెండు మాటల మధ్య ఉరితాడు

మా పెదనాన్నగారు నరసరావుపేటలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. చిన్నప్పుడు నేను పేపరు చూసి "ఫలానా ఊళ్ళో హత్య జరిగిందిట పెదనాన్నా" అంటే, ఆయన నస్యం పీల్చి, "హత్యో కాదో జడ్జీ చెప్పాలిరా. నువ్వూ పేపరువాడూ చెబితే చాలదు" అనేవారు. మనిషి పోయాక ఇంకా సందేహమేమిటో నాకు బోధపడేది కాదు.

సందేహమంతా ఇంగ్లీషులో ఉంది. 'మర్డర్' ఒకటి, 'కల్పబుల్ హోమిసైడ్' ఇంకొకటి. మొదటిది ఇంగ్లీషువాళ్ళ పాత ఇంటిమాట. రెండోది లాటిన్ నుంచి దిగింది. మన 'నరహత్య' దానికి అచ్చంగా సరిపోతుంది. మర్డరన్నదల్లా నరహత్యే గాని, నరహత్యలన్నీ మర్డర్లు కావు. మర్డరయితే ఉరి గాని యావజ్జీవం గాని. కానిపక్షంలో కొన్నేళ్ళ జైలుతో బయటపడవచ్చు.

మెకాలే కమిషన్ 1837లో రాసిన ముసాయిదా ఎన్నో దిద్దుబాట్ల తర్వాత 1860లో పీనల్ కోడ్ అయింది. అందులో 299 నరహత్య, 300 మర్డర్. కొట్టినవాడు తలపెట్టిన గాయం చావు తెచ్చే అవకాశమున్నదైతే నరహత్య. అదే గాయం మామూలుగా చావుకి చాలినదైతే మర్డర్. ఇంగ్లీషులో 'లైక్లీ', 'సఫిషియెంట్'. వినడానికి అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి కదూ! స్టీఫెన్ అంతటి న్యాయకోవిదుడే, కోడ్ మొత్తంలో బలహీనమైన చోటు ఇదేనన్నాడు. ఇక మా పెదనాన్నగారి మాట చెప్పేదేముంది!

1876లో బొంబాయి హైకోర్టుకి గోవిందుడనే 18 ఏళ్ళ కుర్రవాడి కేసు వచ్చింది. పదిహేనేళ్ళ భార్యని కింద పడదోసి, గుండెల మీద మోకాలు పెట్టి, మొహం మీద రెండు మూడు గుద్దులు గుద్దాడు. మెదడులో నెత్తురు చేరి ఆ పిల్ల చనిపోయింది. సతారా సెషన్సు జడ్జీ ఉరి అన్నాడు. హైకోర్టులో ఇద్దరు జడ్జీలకి అభిప్రాయాలు కుదరక, కేసు మూడో ఆయన మెల్విల్ దగ్గరికి వెళ్ళింది. ఆయన రెండు సెక్షన్లనీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఈ దెబ్బలకి చావు రావచ్చు గాని, మామూలుగా వచ్చి తీరేంతటివి కావన్నాడు. ఉరి పోయి ఏడేళ్ళ ద్వీపాంతరవాసం మిగిలింది. ఆ పిల్ల తల్లిదండ్రులకి ఈ తేడా ఎవరు, ఏ భాషలో విడమరిచి చెప్పారో! చదివినప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

సరిగ్గా నూరేళ్ళకి, 1976లో, ఇదే పేచీ మన గుంటూరు జిల్లా రొంపిచర్ల ముఠాకక్షల నుంచి సుప్రీంకోర్టుకెక్కింది. బస్సు దిగిన 55 ఏళ్ళ మనిషిని దుడ్డుకర్రలతో బాదారు. దెబ్బలన్నీ కాళ్ళమీదా చేతులమీదానే. తల ముట్టుకోలేదు. గాయాలు మాత్రం 19. మర్నాటికి ప్రాణం పోయింది. ఆయువుపట్టు మీద కొట్టలేదు గనుక మర్డర్ కాదంది హైకోర్టు. జస్టిస్ సర్కారియా ఒప్పుకోలేదు. ఒక్కో దెబ్బా చంపేది కాకపోయినా, కావాలని కొట్టిన ఆ దెబ్బలన్నీ కలిస్తే మామూలుగా చావుకి చాలినవే, కనక మర్డరేనన్నారు. గోవిందుణ్ణి కాపాడిన మాటే ఇక్కడ ముద్దాయిల మెడకి చుట్టుకుంది.

2024 జూలై 1న పాత కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 299, 300 కాస్తా 100, 101 అయ్యాయి. పెదనాన్నగారు ఉండివుంటే కొత్త నంబర్లు వల్లించలేక విసుక్కునేవారే. 'లైక్లీ', 'సఫిషియెంట్' మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.