విదేశంలో స్థిరపడబోయేవారికి: రాజధాని ప్రాంతంలో ముందుగా పూర్తి చేయవలసిన పనులు

ఉద్యోగం కోసమో, చదువు కోసమో, కుటుంబాన్ని కలుసుకోవడానికో మరో దేశానికి తరలివెళ్లే తెలుగువారిలో ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా, ఘాజియాబాద్, ఫరీదాబాద్ నివాసులూ ఉన్నారు. చాలా దేశాల రాయబార కార్యాలయాలు చాణక్యపురి పరిసరాల్లోనే ఉన్నందున, ప్రయాణ సన్నాహం ఇక్కడివారికి సులభమని అనుకోవడం సహజం. వాస్తవంలో ఒక చిక్కు ఉంది. జాతీయ రాజధాని ప్రాంతం ఒకే నగరంగా కనిపించినా ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్ ప్రభుత్వాల పాలనలో ఉంది. ఇక్కడ నివసించే తెలుగు కుటుంబపు జనన ధ్రువపత్రం కాకినాడదో కరీంనగర్‌దో, పట్టా ఉస్మానియాదో ఆంధ్ర విశ్వవిద్యాలయానిదో, పిల్లల పుట్టుక నమోదు గురుగ్రామ్‌దో కావచ్చు. ఏ పత్రం ఏ కార్యాలయానికి చేరాలో ముందే తెలుసుకోకపోతే, వీసా చేతికొచ్చిన తరువాత కూడా ప్రయాణం ఆగిపోయే ప్రమాదం ఉంది.

తెలుగువారి వలసకు దీర్ఘ చరిత్రే ఉంది. 1860లో మద్రాసు రేవు నుంచి నాటాల్‌కు బయలుదేరిన తొలి ఒప్పంద కూలీల నౌకలోనూ, 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీకి సాగిన నౌకల్లోనూ తెలుగువారు ఉన్నారు. కోరంగి రేవు పేరు బర్మాలో తెలుగువారికి మారుపేరుగా స్థిరపడింది. ఆనాటి కూలీల్లో చాలామంది తాము వేలిముద్ర వేసిన ఒప్పందాన్ని చదవలేని స్థితిలో ఓడ ఎక్కారు. సంతకం చేసే కాగితాన్ని ముందుగా చదివి అర్థం చేసుకోవడం నేటికీ తొలి జాగ్రత్త.

పేరు, పాస్‌పోర్టు

ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత రాయడం తెలుగువారి ఆచారం. బడి రికార్డుల్లో ఇంటిపేరు తరచు పొడి అక్షరంగానే మిగులుతుంది. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకు, సొంత పేరుకు వేర్వేరు గడులున్నాయి. రెండూ ఒకే గడిలో చేరితే కొన్ని దేశాల వీసాల్లో ఇబ్బంది తలెత్తుతుంది. సొంత పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో దాని స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అనే అక్షరాలు చేరుతాయి. బ్యాంకు ఖాతా మొదలుకొని డ్రైవింగ్ లైసెన్సు వరకు అదే పేరుగా వెంటాడవచ్చు. అందువల్ల పదో తరగతి ధ్రువపత్రం, పట్టా, ఆధార్, పాన్, వివాహ ధ్రువపత్రాల్లో పేరు అక్షరక్రమం ఒకేలా ఉన్నదీ లేనిదీ వీసా దరఖాస్తుకు చాలా ముందే సరిచూసుకోవాలి.

ఢిల్లీతో పాటు గురుగ్రామ్, ఫరీదాబాద్ వాసులు ఢిల్లీ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోకి, నోయిడా, ఘాజియాబాద్ వాసులు ఘాజియాబాద్ కార్యాలయం పరిధిలోకి వస్తారు. దీర్ఘకాల వీసాలకు అడిగే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు కూడా పాస్‌పోర్టు సేవ ద్వారానే దరఖాస్తు చేయాలి. అద్దె ఇంట్లో ఉన్నవారు ప్రస్తుత చిరునామాకు ఆధారంగా అద్దె ఒప్పందాన్ని సిద్ధంగా ఉంచుకోవాలి. ఈ సర్టిఫికెట్‌ను చాలా దేశాలు పరిమిత కాలం వరకే అంగీకరిస్తాయి. కనుక దీన్ని మరీ ముందుగా తీసుకోవడం కూడా సరికాదు. పాస్‌పోర్టు గడువు ప్రయాణ తేదీ తరువాత కనీసం 6 నెలలైనా ఉండాలన్నది చాలా దేశాల నియమం.

పత్రాల ధ్రువీకరణ

భారతీయ పత్రం విదేశంలో చెల్లాలంటే సాధారణంగా రెండు అంచెలు దాటాలి. మొదట, పత్రం జారీ అయిన రాష్ట్రంలోని అధీకృత విభాగం దాన్ని ధ్రువీకరించాలి. తరువాత విదేశాంగ మంత్రిత్వ శాఖ అపోస్టిల్ ముద్ర వేస్తుంది. అంటే ఢిల్లీలో నివసిస్తున్నా, వరంగల్‌లో జారీ అయిన పత్రానికి తొలి ముద్ర తెలంగాణలోనే పడాలి. రెండో అంచెకు ఢిల్లీలోని పటియాలా హౌస్ ప్రాంగణం చిరకాలంగా కేంద్రం. 2012 నుంచి మంత్రిత్వ శాఖ పత్రాలను నేరుగా కాక అధీకృత సంస్థల ద్వారా స్వీకరిస్తోంది. 2019 తరువాత ఈ సేవ హైదరాబాద్‌తో సహా ఇతర నగరాలకూ విస్తరించింది. కాబట్టి సొంత రాష్ట్ర పత్రాలకు రెండు అంచెలనూ హైదరాబాద్‌లోనే పూర్తి చేసుకునే వీలుంది. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము పత్రానికి 50 రూపాయలు. స్వీకరణ సంస్థల సేవా రుసుము దీనికి అదనం.

అపోస్టిల్ 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఇచ్చే ముద్ర. భారత్‌లో ఈ ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చింది. సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు నుంచి, కెనడాలో 2024 జనవరి నుంచి అమలవుతోంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, కువైట్, ఖతార్ ఇందులో లేవు. అక్కడికి వెళ్లేవారి పత్రాలకు విదేశాంగ శాఖ ముద్ర పడిన తరువాత, ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా అవసరం. జర్మనీ ఈ ఒప్పందంలో ఉన్నప్పటికీ, భారత్ చేరికపై అభ్యంతరం నమోదు చేసింది. జర్మనీకి వెళ్లేవారు అపోస్టిల్ కోసం ఖర్చు పెట్టేముందు తమ పత్రానికి ఏ విధమైన నిర్ధారణ కావాలో ఆ దేశ రాయబార కార్యాలయ సూచనల్లో చూసుకోవాలి.

వలస అనుమతి, ఉద్యోగ ఒప్పందం

ఉద్యోగం కోసం విదేశం వెళ్లేవారి రక్షణకు 1983 వలస చట్టం ఆధారం. దీని అమలును పర్యవేక్షించే ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రాంట్స్ ఢిల్లీలో విదేశాంగ శాఖ కింద పనిచేస్తారు. పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ‘ఈసీఆర్’ వర్గంలో ఉంటుంది. సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, ఎమిరేట్స్, మలేషియా, ఇరాక్ సహా 18 దేశాలకు పనికి వెళ్లే ఈ వర్గంవారు ఈ-మైగ్రేట్ వ్యవస్థ ద్వారా వలస అనుమతి పొందాలి.

ఈ అనుమతిని కొందరు అనవసరపు అడ్డంకిగా భావించి, సందర్శక వీసాపై వెళ్లి అక్కడ పని వెతుక్కుంటారు. అలా వెళ్లినవారికి ప్రభుత్వం వద్ద నమోదైన ఉద్యోగ ఒప్పందం ఉండదు. జీతం ఆగినా, ప్రమాదం జరిగినా యజమానిని నిలదీయడానికి ఆధారం కరవవుతుంది. అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల రక్షణ లభిస్తుంది. దీని ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్నులు అదనం.

రిజిస్టరైన నియామక ఏజెంటు అభ్యర్థి నుంచి 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మించి తీసుకోరాదు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదో లేదో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా నియామకాలు జరపడం రెండేళ్ల వరకు జైలు శిక్షకు తగిన నేరం. ఈసీఆర్ వర్గపు మహిళలకు కనీస వయసు 30 ఏళ్లు. వారి నియామకాలు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే సాగాలి. జీతం, పని గంటలు, సెలవులు, వసతి, తిరుగు టికెట్ ఎవరి బాధ్యతో ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. దాని ప్రతి ఒకటి ఇంటివద్ద, మరొకటి ఫోనులో ఉండాలి.

ఆరోగ్యం, సామాను

6 నెలలకు మించి బ్రిటన్‌లో ఉండబోయే భారతీయులు నిర్దేశిత కేంద్రంలో క్షయ పరీక్ష చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ 6 నెలలు చెల్లుతుంది. గల్ఫ్ ఉద్యోగాలకు ఆ దేశాలు గుర్తించిన వైద్య కేంద్రాల్లోనే పరీక్ష జరగాలి. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోని పలు దేశాలకు పచ్చజ్వరం టీకా తప్పనిసరి. ఢిల్లీలో మందిర్ మార్గ్‌లోని అంతర్జాతీయ టీకా కేంద్రంలో ఈ టీకా వేస్తారు. టీకా వేసిన 10 రోజుల తరువాతే సర్టిఫికెట్ చెల్లుబాటవుతుంది. కనుక చివరి వారానికి వాయిదా వేయరాదు.

నిత్యం వాడే మందులకు వైద్యుడి చీటీ వెంట ఉండాలి. ట్రామడాల్, కోడీన్ ఉన్న మందులపై గల్ఫ్ దేశాల్లో కఠిన నియంత్రణ ఉంది. తెలుగు వంటింటి మసాలా దినుసుల్లో ఒకటైన గసగసాలు ఎమిరేట్స్, సౌదీ అరేబియాల్లో నిషిద్ధం. తల్లిదండ్రులు ప్రేమతో కట్టిచ్చిన పొట్లం విమానాశ్రయంలో కేసుగా మారవచ్చు. ఇతరులు అందజేయమని ఇచ్చే మూటలను విప్పి చూడకుండా తీసుకెళ్లకూడదు.

డబ్బు, పన్ను, భవిష్య నిధి

ఉద్యోగానికి విదేశం వెళ్లిన వ్యక్తి విదేశీ మారక చట్టం దృష్టిలో ప్రవాసి అవుతాడు. సాధారణ పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. విదేశీ సంపాదనను పంపేందుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరవవచ్చు. ఆదాయపు పన్ను లెక్క వేరు. ఉద్యోగానికి వెళ్లే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉంటే, ఆ ఏడాదికి నివాసిగానే పరిగణన పొందుతాడు. ఏప్రిల్ 1 నుంచి లెక్కిస్తే 182వ రోజు సెప్టెంబరు 29న వస్తుంది. బయలుదేరే తేదీని ఎంచుకునే వెసులుబాటు ఉన్నవారు దీన్ని గమనించాలి.

విదేశంలో ఉద్యోగానికి, లేదా స్థిరనివాసానికి వెళ్లేవారు భవిష్య నిధి మొత్తాన్ని వెనక్కు తీసుకోవచ్చు. భారతీయ కంపెనీయే విదేశానికి పంపుతున్నట్లయితే మరో మార్గం ఉంది. జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలతో భారత్‌కు సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి. భవిష్య నిధి సంస్థ ఇచ్చే కవరేజి సర్టిఫికెట్ ఉంటే, అక్కడ రెండోసారి చందా కట్టే భారం నిర్ణీత కాలం తప్పుతుంది. అమెరికాతో అటువంటి ఒప్పందం లేదు.

ఇంటివద్ద మిగిలేవారు

సన్నాహంలో తరచు వెనకబడే అంశం ఇది. ఊళ్లో పొలం, నగరంలో ఫ్లాటు, తల్లిదండ్రుల వైద్యం ఎవరు చూస్తారన్నది నోటిమాటగా మిగలకూడదు. ఆస్తి రిజిస్ట్రేషన్ వ్యవహారాలకు ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీని, ఇచ్చే వ్యక్తి నివసించే ప్రాంతపు సబ్-రిజిస్ట్రార్ ఎదుట రాసి ధ్రువీకరించుకోవాలని రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. అంటే పొలం గుంటూరు జిల్లాలో ఉన్నా, ద్వారకలో ఉంటున్నవారు ఆ పనిని ఢిల్లీలోనే ముగించవచ్చు. విదేశం వెళ్లాక రాస్తే, అక్కడి భారత దౌత్య కార్యాలయం లేదా నోటరీ ధ్రువీకరణ కావాలి. ఆ పత్రం భారత్ చేరిన 3 నెలల్లోగా స్టాంపు సుంకం చెల్లించాలి. ఏ పనికి అధికారం ఇస్తున్నారో విడివిడిగా పేర్కొనడం క్షేమం. అమ్మకపు అధికారం అవసరం లేనప్పుడు దాన్ని ఇవ్వనక్కరలేదు.

ప్రవాసులు వ్యవసాయ భూమిని కొనుగోలు చేయరాదు. ముందునుంచి ఉన్న భూమిని ఉంచుకోవచ్చు, వారసత్వంగా పొందవచ్చు. వృద్ధ తల్లిదండ్రుల విషయంలో దగ్గరి బంధువు ఒకరి పేరు, వారి వైద్యుని వివరాలు, బీమా పత్రాలు ఒకేచోట ఉంచాలి. తల్లిదండ్రులకు సొంత పేరుతో నిర్వహించుకోగల బ్యాంకు ఖాతా ఉండటం మేలు. ప్రతి ఖర్చుకూ దూరదేశం నుంచి డబ్బు వచ్చేవరకు ఎదురుచూసే పరిస్థితి వారికి రాకూడదు.

చేరిన తరువాత

కొత్త దేశంలో మొదటి వారాలకు కూడా గడువులుంటాయి. జర్మనీలో ఇంట్లో చేరిన 2 వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. అమెరికాలో విదేశీయులు ఇల్లు మారితే 10 రోజుల్లో వలస విభాగానికి తెలియజేయాలి. భారత దౌత్య కార్యాలయం వద్ద పేరు నమోదు చేసుకుంటే, యుద్ధం, విపత్తు వంటి సమయాల్లో సంప్రదింపు సులభమవుతుంది. ఫిర్యాదులకు విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ వ్యవస్థ ఉంది. కష్టాల్లో చిక్కుకున్నవారిని ఆదుకునేందుకు దౌత్య కార్యాలయాల్లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది.

ఓటు హక్కు కూడా పోదు. విదేశీ పౌరసత్వం తీసుకోని ప్రవాసులు 6ఎ ఫారంతో పాస్‌పోర్టులోని స్వదేశీ చిరునామా ఉన్న నియోజకవర్గంలో నమోదు కావచ్చు. అయితే ఓటు వేయడానికి స్వయంగా రావాలి. భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. మరో దేశ పౌరసత్వం స్వీకరించిన క్షణం నుంచి భారత పౌరసత్వం రద్దవుతుంది, పాస్‌పోర్టును అప్పగించాలి. ఆపై ఓసీఐ కార్డుతో రాకపోకలు సాగించవచ్చు. ఓటు హక్కు, వ్యవసాయ భూమి కొనుగోలు మాత్రం దానికి వర్తించవు.

మొత్తంమీద సన్నాహానికి కనీసం 6 నెలల వ్యవధి ఉంచుకోవడం మంచిది. తొలి నెలల్లో పేర్ల సవరణ, రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తరువాత వీసా, వైద్య పరీక్షలు, చివరి నెలలో బ్యాంకు, అధికార పత్రాలు, ఇంటి ఏర్పాట్లు పూర్తి చేస్తే పని క్రమంగా సాగుతుంది. అసలు పత్రాలను చేతిసంచిలో, నకళ్లను ఇంటివద్ద ఉంచాలి. వెళ్లేవారు తమ ఒప్పందాన్ని, ఇంటివద్ద ఉండేవారు తమకు అప్పగించిన పత్రాలను చదివి అర్థం చేసుకున్న తరువాతే ప్రయాణ తేదీ ఖాయం చేసుకోవాలి.