యునిక్స్ తరహా కంప్యూటరులో బహుళ నెట్‌వర్కు కార్డుల అమరిక

యునిక్స్, లేదా దానిని పోలిన లినక్సు, ఫ్రీబీఎస్‌డీ వంటి ఆపరేటింగ్ సిస్టము గల ఒకే కంప్యూటరులో రెండు లేక అంతకంటే ఎక్కువ నెట్‌వర్కు కార్డులను ఉంచి, ఒక్కొక్క దానికి పేరు, ఐపీ చిరునామా, దారులు నిర్ణయించడాన్ని బహుళ నెట్‌వర్కు కార్డుల అమరిక అంటారు. ఇటువంటి కంప్యూటరును మల్టీహోమ్డ్ హోస్టు అని వ్యవహరిస్తారు. ఏ పేరు ఏ కార్డుకు చెందినదో స్థిరంగా ఉండడం, బయటకు పోయే దారి స్పష్టంగా ఉండడం ఈ అమరికకు ప్రధానమైనవి.

ఉపయోగాలు

* కార్యాలయంలోని లోపలి నెట్‌వర్కును అంతర్జాలంతో కలిపే రౌటరుగా, ఫైర్‌వాలుగా కంప్యూటరును వాడుకోవడం.
* సర్వరు యొక్క సాధారణ రాకపోకలను, బ్యాకప్ రాకపోకలను వేరుచేయడం.
* రెండు కార్డులను జతచేసి (బాండింగ్), ఒకటి చెడిపోయినా రెండవదానితో పని సాగేలా చూడడం.

కార్డుల పేర్లు

లినక్సులో కార్డులకు తొలుత ఈథ్0, ఈథ్1 అనే పేర్లు ఉండేవి. కెర్నెలు ఏ కార్డును ముందు గుర్తిస్తే అది ఈథ్0 అయ్యేది. కొత్త కార్డు చేర్చినా, కెర్నెలు మార్చినా ఈ వరుస తారుమారు కావచ్చు. ఫైర్‌వాలులో ఇది ప్రమాదకరం. బయటి కార్డుకు ఉద్దేశించిన నిబంధనలు లోపలి కార్డుకు, లోపలివి బయటి కార్డుకు వర్తిస్తాయి.

దీనికి పరిష్కారంగా యూడెవ్ నియమాల ద్వారా 48 బిట్ల మ్యాక్ చిరునామాను బట్టి పేరును ఖాయం చేసేవారు. అయితే చెడిపోయిన కార్డు స్థానంలో కొత్తది పెడితే దాని మ్యాక్ చిరునామా వేరు కనుక అది మరొక పేరుతో వచ్చేది, పాత పేరుమీద వ్రాసిన అమరిక నిరుపయోగమయ్యేది. 2013లో వెలువడిన సిస్టమ్‌డీ 197వ కూర్పు నుండి కార్డు ఉన్న స్థానాన్ని బట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. ఉదాహరణకు ఈఎన్‌పీ2ఎస్0 అనగా 2వ పీసీఐ బస్సులో 0వ స్లాటులోని ఈథర్‌నెట్ కార్డు.

ఫ్రీబీఎస్‌డీలో డ్రైవరు పేరే కార్డు పేరు. ఇంటెల్ గిగాబిట్ కార్డు ఈఎమ్0 అయితే, రియల్‌టెక్ కార్డు ఆర్ఈ0 అవుతుంది. అందువలన వేరొక కంపెనీ కార్డు మార్చినపుడు అమరికను కూడా మార్చవలసి ఉంటుంది.

లినక్సులో ఈథ్‌టూల్ ఆదేశాన్ని "పి" ఐచ్ఛికంతో ఇస్తే, డ్రైవరు సహకరించే కార్డులపై చిన్న దీపం మిణుకుమంటుంది. దీనివలన ఏ పేరు ఏ కార్డుదో కంటితో చూసి తెలుసుకోవచ్చు.

చిరునామాలు

ప్రతి కార్డును వేరు వేరు సబ్‌నెట్‌లో ఉంచడం ఉత్తమం. ఉదాహరణకు బయటి కార్డుకు 203.0.113.10, లోపలి కార్డుకు 192.168.1.1 ఇవ్వవచ్చు. రెండు కార్డులనూ ఒకే సబ్‌నెట్‌లో ఉంచితే, లినక్సులో ఒక కార్డు చిరునామాకై వచ్చిన ఏఆర్‌పీ ప్రశ్నకు రెండవ కార్డు జవాబివ్వవచ్చు. ఈ స్థితిని ఏఆర్‌పీ ఫ్లక్స్ అంటారు.

డిఫాల్టు దారి

సాధారణంగా డిఫాల్టు గేట్‌వే ఒక్క కార్డుకే ఉండాలి. రెండు కార్డులూ డీహెచ్‌సీపీ ద్వారా గేట్‌వేలను పొందితే, లినక్సు తక్కువ మెట్రిక్ గల దారిని ఎంచుకుంటుంది. అపుడు రెండవ కార్డు ద్వారా వచ్చిన ప్యాకెట్టుకు జవాబు మొదటి కార్డు గుండా పోతుంది. ఆ చిరునామా తమది కానందున అంతర్జాల సంస్థ దానిని నిలిపివేయవచ్చు. రెండు అంతర్జాల కనెక్షన్లు నిజంగా అవసరమైతే, బయలుదేరే చిరునామాను బట్టి దారిని నిర్ణయించే పాలసీ రౌటింగును వాడాలి. లినక్సులో ఈ సౌకర్యం 1999లో విడుదలైన 2.2 కెర్నెలులోనే ఉన్నది.

ప్యాకెట్లను దాటించడం

రెండు కార్డులు ఉన్నంతమాత్రాన కంప్యూటరు రౌటరు కాదు. ఒక కార్డు నుండి మరొక దానికి ప్యాకెట్లు దాటించే పని లినక్సు కెర్నెలులో మొదట నిలిపివేయబడి ఉంటుంది. ఐపీ ఫార్వర్డ్ విలువను 1 చేసినపుడే అది మొదలవుతుంది. ఫ్రీబీఎస్‌డీలో ఇందుకు గేట్‌వే ఎనేబుల్ అనే అమరిక ఉన్నది. లోపలి ప్రైవేటు చిరునామాలు ఐపీవీ4 అంతర్జాలంలోకి వెళ్ళడానికి నాట్ కూడా అవసరం. ఫైర్‌వాల్ నిబంధనలు వ్రాసిన తరువాతనే దీనిని ప్రారంభించడం క్షేమకరం.

జాగ్రత్తలు

* ఇఫ్‌కాన్ఫిగ్ లేదా ఐపీ ఆదేశంతో చేసిన మార్పులు రీబూటుతో పోతాయి. డెబియన్ వంటి పంపిణీలు ఉపయోగించే అమరిక ఫైలులో వాటిని వ్రాసినపుడే నిలుస్తాయి.
* దూరం నుండి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పనిచేస్తూ అదే కార్డు అమరికను మార్చితే, చిన్న పొరపాటుతోనే సంబంధం తెగిపోయి కంప్యూటరు వద్దకు వెళ్ళవలసి వస్తుంది. కొన్ని నిమిషాలలో పాత అమరిక దానంతటదే తిరిగివచ్చేలా ముందే ఏర్పాటు చేసుకోవడం మంచిది.
* పని ముగిశాక ఒకసారి రీబూటు చేసి పేర్లు, దారులు సరిగా ఉన్నవో లేదో చూడాలి.

ఇవి కూడా చూడండి

* ఐపీ చిరునామా
* ఫైర్‌వాల్
* రౌటరు
* లినక్సు