పేరు లేని చేప: కావేరి మహసీర్‌కి హేచరీ చేసిన మేలెంత, కీడెంత?

ఈ ఎపిసోడ్‌లో ఒక చేప కథ. మహసీర్ చేపలు తగ్గిపోతున్నాయని హేచరీ పెట్టారు, కష్టపడి పిల్లల్ని పుట్టించారు, నదుల్లో వదిలారు. కొన్ని దశాబ్దాలు గడిచాక చూస్తే, ఒక నదికి మాత్రమే సొంతమైన మహసీర్ అంతరించే దశకి వచ్చేసింది. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

ముందు హేచరీ సంగతి. కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువులు చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. శీలావతి, బొచ్చె చెరువులో బాగా పెరుగుతాయి గానీ, గుడ్లు పెట్టాలంటే వాటికి పారే నీరు, వరద కావాలి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి ఈ చిక్కుముడి విప్పారు. ఒక చేప తలలోని పిట్యూటరీ గ్రంథి తీసి, ఆ రసం ఇంకో చేపకి ఇంజెక్షన్ చేసి గుడ్లు పెట్టించారు. అందుకే జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇక మహసీర్. ఇది కొండ నదుల చేప. ఆనకట్టలు కట్టాం, ఏట్లో డైనమైట్ పేల్చి చేపలు పట్టాం, దాంతో ఇది తగ్గిపోయింది. 1970ల మొదట్లో మహారాష్ట్రలోని లోనావాలాలో, టాటా కరెంటు కంపెనీ చెరువుల దగ్గర, సి.వి.కులకర్ణి, ఎస్.ఎన్.ఓగలే దీని మీద పని మొదలుపెట్టారు.

పద్ధతి వినడానికి సింపుల్. వానాకాలంలో గుడ్లతో నిండిన ఆడచేపని పట్టుకుని, పొట్ట మీద మెల్లగా నొక్కితే గుడ్లు పొడి పళ్ళెంలోకి జారతాయి. వాటిమీద మగచేప వీర్యం కలిపి, ఆ తర్వాతే నీళ్ళు పోస్తారు. మహసీర్ గుడ్డు బరువైనది, అడుగుకి దిగిపోతుంది. అందుకే సన్నగా నీళ్ళు పారే ట్రేలలో పరుస్తారు. చెడిపోయిన గుడ్లు ఏరేయాలి, లేకపోతే బూజు పక్కవాటికి పాకుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. కొన్నాళ్ళు వెలుతురుకి దూరంగా, మూలల్లో గుంపుగా పడుకుంటాయి. తర్వాతే ఈత, మేత.

ఇంకో గొప్ప సంగతి కనిపెట్టారు. ఈ గుడ్లని తడి దూదిలో పెట్టి దూర ప్రాంతాలకి పంపొచ్చు. అంటే లోనావాలా మహసీర్ ఇక ఏ నదికైనా వెళ్ళగలదు. వెళ్ళింది కూడా. అలా చేరిన నదుల్లో కావేరి ఒకటి.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. లోనావాలాలో పెంచింది ఏ మహసీర్? నీలి రెక్కల మహసీర్, శాస్త్రీయంగా టోర్ ఖుద్రీ. 1839లో సైక్స్ అనే ఆయన పుణె దగ్గర ములా-ముఠా నది చేపని చూసి పెట్టిన పేరది. ములా-ముఠా భీమలో కలుస్తుంది, భీమ మన కృష్ణలో కలుస్తుంది. అంటే అది కృష్ణమ్మ చేప.

కావేరికి దాని సొంత మహసీర్ ఉంది. నారింజ రంగు రెక్కలు, వీపు మీద ఎద్దు మూపురంలా ఎత్తు. 1946లో కబిని నదిలో మైసూరుకి చెందిన వాన్ ఇంగెన్ పట్టిన చేప 120 పౌండ్లు తూగింది, దాదాపు 54 కిలోలు! గాలం వేసేవాళ్ళకి ప్రపంచమంతా తెలిసిన చేప. కానీ విచిత్రం ఏంటంటే, దానికి ఖరారైన శాస్త్రీయ నామం లేదు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, రెండు వేర్వేరు రికార్డులకి ఒకే ఐడీ. రెండూ “మహసీరే కదా” అనుకున్నారు.

కావేరి ఒడ్డున గాలిబోరె క్యాంపులో చేపని పట్టి, తూచి, రాసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాళ్ళు. 1998 నుంచి 2012 వరకు ఉన్న ఆ లెక్కల్ని ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్ బృందం పరిశీలించింది. మొత్తం మీద చేపలు పెరిగాయి. కానీ పెరిగినవి నీలి రెక్కలవి. మూపురం చేపల సంఖ్య పడిపోతూ, సగటు బరువు పెరుగుతూ వచ్చింది. బరువు పెరగడం మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. ముసలి చేపలే మిగిలాయి, పిల్లలు రావట్లేదని దానర్థం. మొత్తం లెక్క ఒక్కటే చూసుంటే “కావేరిలో మహసీర్ బాగుంది” అని సంతోషపడేవాళ్ళం.

2018లో ఆ బృందమే ఈ చేపని గుర్తించింది. కేరళలోని పాంబార్ నది నుంచి అంతకుముందే వర్ణించిన టోర్ రెమాదేవీ ఇదేనని తేల్చింది. పేరు దొరికాకే ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో చోటు దొరికింది, అది కూడా అదే ఏడాది, అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల వరుసలో. పేరు లేని చేప ఏ జాబితాకీ ఎక్కదు, ఏ చట్టానికీ కనపడదు.

నిజానికి తప్పంతా హేచరీది కాదు. ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు, డైనమైట్ అన్నీ ఉన్నాయి. లోనావాలా వాళ్ళ పని శాస్త్రంగా గొప్పదే. కానీ హేచరీ అనేది సంఖ్య పెంచే యంత్రం. ఏ చేపని పెంచాలో, ఏ నదిలో వదలాలో అది చెప్పదు. ఆ పని ముందే మనం చేయాలి.

మన దగ్గరా వానలు పడగానే చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపపిల్లల్ని వదిలే ఫొటోలు వస్తాయి. ఈసారి చూసినప్పుడు ఎన్ని లక్షలు వదిలారు అన్నదానికంటే ముందు, ఇవి ఏ నది చేపలు, ఇక్కడ అంతకుముందు ఏముండేవి అని అడగండి. మీ ఊళ్ళో వల వేసే పెద్దవాళ్ళకి ఆ చేపల పేర్లు తెలిసే ఉంటాయి. వాళ్ళున్నప్పుడే రాసి పెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.