అయిదేళ్ళు అమ్మిన నొప్పి గోలీ కథ

పోయిన వారం మన సోలాపూర్ పూర్వభాగంలో ఒక పెద్దమనిషిని చూసిరావడానికి వెళ్తే, ఆయన దిండు కింద నుంచి నొప్పి గోలీల పట్టీ తీసి చూపించాడు. రోజుకు రెండు, పదేళ్ళ నుంచీ. సాంచాల దగ్గర షిఫ్టుల మీద షిఫ్టులు నిలబడ్డ మోకాళ్ళవి. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. కొంచెం పొడవైంది, ఓపిగ్గా చదవండి.

ఆస్పిరిన్ 1899లోనే అమ్మకానికి వచ్చింది. అది నొప్పిని ఎట్లా తగ్గిస్తుందో మాత్రం 1971లో గానీ తేలలేదు. వాపునూ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు ఒంట్లో తయారు కాకుండా ఇది అడ్డుకుంటుందని ఇంగ్లండులో జాన్ వేన్ చూపించాడు. 1982లో ఆయనకు వచ్చిన నోబెల్ ఈ పనికే. చిక్కేమిటంటే, కడుపు లోపలి పొరను కాపాడేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్, నాప్రొక్సెన్ ఏది ఎక్కువ కాలం వాడినా కొందరికి కడుపులో పుండ్లు, రక్తస్రావం. 1990ల మొదట్లో వాటిని తయారుచేసే ఎంజైము ఒకటి కాదు, రెండని తేలింది. ఒకటి కడుపుకు కాపలా, రెండోది ఎక్కువగా వాపు దగ్గర పనిచేసేది. రెండోదాన్ని మాత్రమే ఆపితే నొప్పీ తగ్గుతుంది, కడుపూ బాగుంటుంది కదా! ఆలోచనలో తప్పు లేదు.

అట్లా వచ్చిందే రోఫెకాక్సిబ్. 1999 మే నెలలో అమెరికాలో అనుమతి దొరికింది. మెర్క్ కంపెనీ వయాక్స్ పేరుతో అమ్మింది. మన దేశంలో అదే మందును చాలా కంపెనీలు తలా ఒక పేరుతో అమ్మాయి.

2000 నవంబరులో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. 8,076 మంది రుమటాయిడ్ కీళ్ళవాతం రోగుల్లో సగం మందికి రోఫెకాక్సిబ్, సగం మందికి నాప్రొక్సెన్ ఇచ్చారు. కడుపు విషయంలో చెప్పిన మాట నిజమే, ఇబ్బందులు సగానికి తగ్గాయి. కానీ గుండెపోట్లు నాప్రొక్సెన్ వాడినవాళ్ళలో 0.1 శాతం ఉంటే, కొత్త మందు వాడినవాళ్ళలో 0.4 శాతం.

ఈ కథలో నేను ప్రతిసారీ ఆగిపోయేది ఇక్కడే. కంపెనీ ఏమన్నదంటే, మా మందు గుండెకు చెడు చేయలేదు, నాప్రొక్సెనే గుండెను కాపాడింది అని. మందు లేని ఉత్త గోలీ ఇచ్చిన మూడో గుంపు ఆ పరీక్షలో లేదు కాబట్టి ఆ మాట కాదనడానికీ లేదు. అయిదేళ్ళ తర్వాత, 2005 డిసెంబరులో, ఆ వ్యాసం అచ్చువేసిన పత్రికే ఇంకో సంగతి బయటపెట్టింది. కొత్త మందు వాడినవాళ్ళలో 20 గుండెపోట్లు జరిగితే వ్యాసంలో 17 చూపించారట.

అసలు నిజం వేరే దారిలో దొరికింది. పెద్దపేగులో పిలకలు మళ్ళీ రాకుండా ఈ మందు ఆపుతుందేమో చూద్దామని 2,586 మందితో ఇంకో పరీక్ష పెట్టారు. ఈసారి ఉత్త గోలీ గుంపు ఉంది. మొదటి ఏడాదిన్నర పెద్ద తేడా కనబడలేదు. 18 నెలలు దాటాక బయటపడింది. లెక్క చెప్పాలంటే, వెయ్యి మంది ఒక ఏడాది వాడితే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఉత్త గోలీతో 8 మందికి, మందుతో 15 మందికి. 2004 సెప్టెంబరు 30న కంపెనీ ప్రపంచమంతటా మందును వెనక్కి తీసుకుంది. డిసెంబరులో మన ప్రభుత్వం నిషేధించింది.

అన్నాళ్ళు డాక్టర్లు ఎందుకు పసిగట్టలేదంటారా? మందు వల్ల ఎన్నడూ చూడని జబ్బు వస్తే వెంటనే అనుమానం వస్తుంది. అరవై దాటిన మనిషికి గుండెపోటు వస్తే ఎవరికి అనుమానం? బీడీ, బీపీ, షుగర్, వయసు... కారణాలకేం కొదవ.

మా నాయిన 2001 నుంచి ఆ గోలీ వాడాడు. 2003లో గుండెపోటు వచ్చింది, బతికాడు. మందు వల్లనే అని నేననలేను, కాదనీ అనలేను. బీడీ తాగేవాడు కూడా. వెయ్యి మందిలో ఏడుగురు ఎక్కువ అని లెక్క చెబుతుంది గానీ ఆ ఏడుగురూ ఎవరో చెప్పదు. ఇంటికొచ్చాక కూడా అదే గోలీ వేసుకున్నాడు, వద్దని చెప్పినవాళ్ళు లేరు. 2004 చివర్లో మెడికల్ షాపులో వేరే పట్టీ చేతిలో పెట్టారు. ఎందుకు మారిందో చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ వేరే పట్టీ డైక్లోఫినాక్. పాత మందు, అందరికీ తెలిసిన మందు. 2013లో వందల పరీక్షలను కలిపి లెక్కగడితే, పెద్ద మోతాదులో డైక్లోఫినాక్ కూడా గుండెకు దాదాపు ఆ కొత్తరకం మందులంత ప్రమాదమేనని తేలింది. అదే ఏడు యూరప్ మందుల సంస్థ గుండెజబ్బు ఉన్నవాళ్ళు దాన్ని వాడవద్దన్నది. ఇటు చూస్తే, రోఫెకాక్సిబ్ జాతికే చెందిన సెలెకాక్సిబ్ మాత్రం 2016లో 24,000 మంది మీద చేసిన పరీక్షలో, మధ్యస్థ మోతాదులో, గుండె విషయంలో ఇబుప్రొఫెన్, నాప్రొక్సెన్ల కంటే హీనం కాదని తేలింది. కాబట్టి పాతదైతే మంచిది, కొత్తదైతే చెడ్డది అనే మన లెక్క కూడా నిలవదు. ఎంత మోతాదు, ఎంత కాలం, వేసుకునే మనిషికి ఇంకేం జబ్బులున్నాయి, ఇవి చూడాలి.

మొన్నటి పెద్దమనిషికి బీపీ ఉంది, ఒంట్లో నీరు తగ్గే గోలీ కూడా వేసుకుంటాడు. ఆ రెండింటికీ నొప్పి గోలీ తోడైతే కిడ్నీల మీద భారం పడుతుంది. బీపీ చూసే డాక్టరుకు దిండు కింది పట్టీ సంగతి ఆయన ఇంతవరకూ చెప్పలేదు. "ఆయన అడగలేదు బాబూ" అన్నాడు. సోమవారం వాళ్ళబ్బాయీ నేనూ ఆయన్ని తీసుకుపోతున్నాం, పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని.